చేతిపనీ, కాలేజీ చదువూ

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డుమీద, హయత్‌నగరం దాటిన తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. ఒకప్పటి పొలాలు చాలామటుకు ప్లాట్లయినవి. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు వెలసినవి. పదవ తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్ళలో ఒకటే ప్రశ్న: "పిల్లవాణ్ణి చదివించడమా, పనిలో పెట్టడమా?"

ఈ రెండింటిలో ఒకటి వదులుకొని తీరవలసిందేనా?

చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీజీ 1937లోనే వార్ధాలో అన్నారు. 1953లో లక్ష్మణస్వామి మొదలియారు కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలు పెట్టమన్నది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పనిని చదువులో భాగం చేయమన్నది. ఆరవ తరగతి నుంచే వృత్తులు పరిచయం చేయమని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. సలహాలకు కొరవలేదు. "మార్కులు రానివాడికే చేతిపని" అనే మన చిన్నచూపే పెద్ద అడ్డంకి.

దారులు లేకపోలేదు. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి, పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేసినవారు, ఈసెట్ ద్వారా తిన్నగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చును. లెక్క వేసి చూడండి: మూడూ మూడూ ఆరు. ఇంటర్మీడియేటు మీదుగా పోయినా రెండూ నాలుగూ ఆరే గదా! ఒక్క యేడు కూడా నష్టం లేదు. పైగా, ఇంట్లో గడవక మధ్యలో చదువు ఆపవలసివస్తే, చేతిలో ఒక విద్య మిగులుతుంది.

ఇంటర్మీడియేటులోనూ వృత్తి కోర్సులున్నవి: మెడికల్ లాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్ మొదలైనవి. అయితే ఇక్కడ ఒక మెలిక వున్నది. ముందుముందు ఇంజనీరింగు చదవాలనుకునే విద్యార్థి, వృత్తి కోర్సుతోపాటు లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రాలు "బ్రిడ్జి కోర్సు"గా చదివి పాసు కావాలి. అది లేకపోతే ఆ తలుపు మూసుకుపోతుంది. చివరిలో తెలుసుకొని విచారించి లాభమేమిటి? కాబట్టి అమ్మాయినిగాని, అబ్బాయినిగాని చేర్పించే రోజునే, "బ్రిడ్జి కోర్సు వున్నదా అండీ?" అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. కూటివిద్య నేర్చినవాడు పైచదువుకు పనికిరాడని మాత్రం వారు అనలేదు!