గన్నవరం ఎన్నుకున్న సుందరయ్య

బుడమేరు బెజవాడ పక్కనుంచి వచ్చి, గన్నవరం ప్రాంతపు పల్లపు పొలాలు ముంచి, చివరకు మా కొల్లేటిలో పడుతుంది. అక్కడ ఎంత వరద వస్తే ఇక్కడ అంత భయం. అందుచేత కలిదిండి, కైకలూరు వైపు వాళ్ళకు గన్నవరం ఎన్నడూ పరాయి ఊరు కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేము ఏలూరు జిల్లాలోకి వచ్చాము. గన్నవరం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. నీటికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ గన్నవరం మూడుసార్లు శాసనసభకు పంపిన పుచ్చలపల్లి సుందరయ్య గారు గన్నవరంలో పుట్టినవారు కారు. అసలు కృష్ణా జిల్లావారే కారు. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూవసతి గల రెడ్ల ఇంట పుట్టారు. పెద్దలు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. కులాన్ని చెప్పే తోకను ఆయనే కోసేసుకున్నారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో అక్కగారి ఇంట ఉండి చదువుకున్నారు. బావగారు న్యాయాధికారి కనుక ఆయన బదిలీలతో పాటే పిల్లవాడి బడులూ మారాయి. ఆ బడులలో మన ఏలూరు ఒకటి. ఏలూరు వీధులలో తిరిగిన ఆ పిల్లవాడు అఖిల భారత పార్టీకి కార్యదర్శి అవుతాడని అప్పుడు ఎవరు అనుకుని ఉంటారు!

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పదిహేడేళ్ళ వయస్సులో కాలేజీ చదువుకు స్వస్తి చెప్పి జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక అమీర్ హైదర్‌ఖాన్ పరిచయం ఆయనను కమ్యూనిజం వైపు తిప్పింది. సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అంటే తమ ఇంటి పొలాలలో పనిచేసే వాళ్ళనే అన్నమాట. తన వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చివేశారు. 1943లో బొంబాయిలో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు ఉంటే మనసు ఇంటి వైపు లాగుతుందని, అసలు సంతానమే వద్దని దంపతులు నిర్ణయించుకున్నారు. మన దేశంలో ప్రజాసేవకుల సంతానం ఎంతెంత సీట్లకు వారసులైందో చూసిన వాళ్ళకు ఈ నిర్ణయం విలువ వేరే చెప్పనక్కరలేదు.

తెలంగాణ పోరాటం, అజ్ఞాతవాసం పాఠకులకు తెలిసిన కథే. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయిన తరువాత కూడా 1951 దాకా ఆయుధాలు దించకపోవడం సబబా కాదా అన్నది ఇప్పటికీ తెగని వాదం. ఇక్కడ మనకు కావలసింది ఆ తరువాతి కథ. తుపాకి పట్టిన పార్టీ బాలెట్ పెట్టె దగ్గరకు వచ్చింది. దానికి పెద్ద దిక్కుగా ఉన్న మనిషి శాసనసభలో ఎలా మసలుకున్నాడు?

1952లో సుందరయ్య గారు మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళారు. అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్న కథ ఆంధ్రదేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంతగా చెప్పుకోవడం వల్ల ఒక చిక్కు వచ్చింది. సైకిలు గుర్తుండిపోయి, దాని మీద ఎక్కి వెళ్ళిన మనిషి సభలో చేసిన పని మరుగున పడిపోయింది.

ఇక 1955. ఆంధ్ర రాజకీయాలలో ఇంత విచిత్రమైన ఎన్నిక మరొకటి లేదని నా అభిప్రాయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. పాత సభలో 140 మందిలో కమ్యూనిస్టులు 41 మంది. ఈసారి రాజ్యమే తమదని వాళ్ళు నమ్మారు. అవతలివాళ్ళూ భయపడ్డారు. ఆ భయమే వాళ్ళను కలిపింది. 1952లో విడివిడిగా పోటీచేసి ఓట్లు చీల్చుకున్న కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపార్టీలు ఒక్క కూటమిగా నిలబడ్డాయి. కమ్యూనిస్టులు వస్తే భూములు పోతాయని ఊరూరా చెప్పారు. డెల్టాలో నాలుగెకరాల రైతుకు అంతకంటే గట్టి మాట ఇంకేముంది? పైగా జనవరి 26న మాస్కోలోని ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెసువారు దాన్ని అచ్చువేయించి ఊళ్ళలో పంచారు. మీ మాస్కోయే మా నెహ్రూను మెచ్చుకుంటుంటే మీకేమిటి అభ్యంతరం అని అడిగితే, పాపం, స్థానిక కార్యకర్త ఏమి జవాబు చెప్పగలడు!

ఫలితం వచ్చేసరికి 196 స్థానాల సభలో కమ్యూనిస్టులు 15 మంది మిగిలారు. ఇక్కడ లెక్క ఒకటి చూడండి. 1952లో ఆంధ్ర ప్రాంతంలో ఆ పార్టీకి నూటికి 22 ఓట్లయినా నిండా రాలేదు. 41 సీట్లు వచ్చాయి. 1955లో నూటికి 31 ఓట్లు వచ్చాయి. 15 సీట్లే దక్కాయి. ఓట్లు పెరిగాయి, సీట్లు కరిగాయి. జనం వాళ్ళను వదిలివేశారని ఎవరైనా అంటే ఈ లెక్క ఒప్పుకోదు. జనం వాళ్ళవైపే ఉన్నారని వాళ్ళంటే శాసనసభ ఒప్పుకోదు. మన ఎన్నికల పద్ధతిలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్న దానికన్నా, అవతలివాళ్ళు కలిసి ఉన్నారా విడిపోయారా అన్నదే ఎక్కువ పని చేస్తుంది. ఆ తరువాత కూటములు కట్టిన వాళ్ళందరికీ 1955 ఒక పాఠ్యపుస్తకం.

ఆ పదిహేను మందిలో గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య గారు ఒకరు. కాలవల కింద మాగాణి, మోతుబరి రైతులు, పక్కనే విమానాశ్రయం ఉన్న ప్రాంతం. భూమి భయం ఎక్కువగా పనిచేయవలసింది అక్కడే. మరి ఎలా గెలిచారు? మనిషి మంచివాడని ఓటువేశారు, పార్టీని చూసి కాదని చాలామంది అంటారు. ఆ మాట నాకు సగమే నచ్చుతుంది. కూలీల సంఘాలు కట్టిన చేతులను కూలీలు మరిచిపోరు. వాళ్ళ ఓటు పార్టీకే. రైతు ఓటు మాత్రం మనిషికి పడి ఉండాలి. తన పొలం వదులుకున్నవాడు ఎదటివాడి పొలం మీద ఆశతో వచ్చాడని ఎవరైనా నమ్మించగలరా?

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1962 దాకా కొనసాగారు. అంటే ఒక్క ఎన్నికతో ఏడేళ్ళు! తరువాతి కాలపు శాసనసభ్యులు వింటే అసూయపడతారు. 1962లో గన్నవరం ఆయననే మళ్ళీ పంపింది. ఆ ఏడు ఆయన పార్టీ 300 స్థానాలలో 51 గెలిచి కాస్త తేరుకున్నది.

విప్లవం కోరే మనిషికి శాసనసభ ఎందుకు? ఆ ప్రశ్న ఆయనను రెండు వైపులవాళ్ళూ అడిగినదే. పార్టీ సిద్ధాంతం ప్రకారం సభ అంటే ప్రజల గోడు వినిపించే వేదిక మాత్రమే. ఐతే సుందరయ్య గారు దానిని కేకలు వేసే వేదికగా వాడుకోలేదు. ఆయనకు అంకెల మీద మక్కువ. కృష్ణా గోదావరుల నీళ్ళు ఎంత, ఏ భూమికి ఎంత అందుతుంది, మెట్టకు ఎలా ఎక్కించాలి అన్న లెక్కలు ఆయనకు ఇష్టమైన విషయం. 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అని పుస్తకం రాసి, ఇంకా పుట్టని రాష్ట్రానికి నదులూ పొలాలూ లెక్కపెట్టారు. రాజ్యాన్ని పడగొట్టాలన్న మనిషి ఆ రాజ్యపు కాలవల గురించి మంత్రికన్నా ఎక్కువ చదవడంలో వైరుధ్యం ఉందంటే ఉంది. నాకు మాత్రం ఆయనలో ఎక్కువగా నచ్చేది ఆ వైరుధ్యమే.

1964లో పార్టీ చీలింది. కొత్తగా ఏర్పడిన మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివరనే నిర్బంధంలోకి తీసుకున్నారు. 1966 మే దాకా బయటికి రాలేదు. ఆ కాలమంతా గన్నవరం శాసనసభ్యుడు జైలులో ఉన్నాడన్నమాట. 1967 తరువాత పదకొండేళ్ళు ఆయన సభలో లేరు.

ఆ పదకొండేళ్ళూ తేలికగా గడవలేదు. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం లేచి, కృష్ణా జిల్లా అట్టుడికినట్టు ఉడికిన రోజులలో, ఆయన పార్టీ సమైక్య రాష్ట్రమే కావాలన్నది. బజారంతా ఒక వైపు ఉంటే రెండో వైపు నిలబడడం ఎంత కష్టమో ఆనాటి వాళ్ళకు తెలుసు. ఆ సమైక్యతా 2014 జూన్ 2తో ముగిసింది, అది వేరే కథ. 1972లోనే తెలంగాణ పోరాటం మీద పెద్ద గ్రంథం వెలువరించారు. 1974లో అరవై దాటిన వయస్సులో గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ గ్రామాలను సర్వే చేయించి, ఎవరికి ఎంత భూమి ఉన్నది, ఎవరు ఎవరి దగ్గర పనిచేస్తున్నారు అని ఇంటింటి లెక్క తీశారు. ఆర్థికశాస్త్రం బోధించే నా మిత్రుడొకరు ఆ వ్యాసాన్ని విద్యార్థులకు చూపి, పట్టా లేనివాడు చేసిన పని చూడండి అంటుంటాడు.

తరువాత ఎమర్జెన్సీ. సుందరయ్య గారు మళ్ళీ అజ్ఞాతంలోకి వెళ్ళారు. అప్పుడే పార్టీతో తగవు వచ్చింది. ఇందిర ప్రభుత్వాన్ని ఎదిరించడానికి జనసంఘంతో చేతులు కలపడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. 1976లో ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. ఇలాంటి సందర్భంలో మన నాయకులు ఏమి చేస్తారో తెలిసిందే. కొత్త పార్టీ పెడతారు, లేకపోతే పాత శత్రువు పంచన చేరతారు. ఈయన ఆ రెండూ చేయలేదు. అదే పార్టీలో ఉంటూ రాష్ట్రానికి తిరిగివచ్చి, చిన్న పని పెద్ద పని అనకుండా చేశారు.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చివేసింది. ఆ దుఃఖం ఆరకముందే, మూడు నెలలకు, 1978 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి. రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెసు గాలి. గన్నవరం మాత్రం అరవై నాలుగేళ్ళ సుందరయ్య గారిని మూడోసారి పంపింది. దేశపు పార్టీని నడిపిన మనిషి మళ్ళీ ఒక నియోజకవర్గపు డ్రెయిన్లూ, రోడ్లూ, కూలి రేట్ల అర్జీలు పట్టుకుని సభకు వెళ్ళాడు. పెద్ద పదవి దిగి చిన్న పదవిలో ఇమడగలగడం అందరికీ చాతనయ్యే పని కాదు. ఆ అయిదేళ్ళలో రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి చీటీ వస్తే ముఖ్యమంత్రి మారిపోయిన రోజులవి. ఆ తమాషా జనానికి వెగటు పుట్టించింది. 1983 జనవరిలో రామారావుగారి తెలుగుదేశం ప్రభంజనంలా వచ్చింది. గన్నవరం కూడా ఆ గాలితోనే వెళ్ళింది.

సుందరయ్య గారు 1985 మే 19న కన్నుమూశారు. రాజ్యసభలో మూడేళ్ళు, శాసనసభలో పదిహేడేళ్ళు. ఇంత కాలం సభ్యుడిగా ఉండి ఒక్క రోజు కూడా మంత్రి కాలేదు. ఆయనకు వారసుడు లేడు, ఆస్తి లేదు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేర విజ్ఞానకేంద్రం ఉన్నది. పాత తెలుగు పత్రికలూ పుస్తకాలూ వెతుక్కునే నాబోటి తెలుగు మేష్టర్లు అక్కడికి వెళుతుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచినప్పుడు, దిగువన గన్నవరం నుంచి కొల్లేటి దాకా మళ్ళీ అందరూ డ్రెయిన్ల పూడిక గురించీ, ఆక్రమణల గురించీ మాట్లాడుకున్నారు.