ద్రవ స్ఫటికాల ప్రావస్థా పరివర్తన – అయస్కాంత నానోకణాల ప్రభావం

ప్రవేశిక

ద్రవంలా ప్రవహిస్తూనే స్ఫటికంలా దిశాక్రమాన్ని నిలుపుకొనే పదార్థాలే ద్రవ స్ఫటికాలు. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవంగాను, 178.5 డిగ్రీల వద్ద తేట ద్రవంగాను మారడాన్ని గమనించారు. ఈ తేటపడే ఉష్ణోగ్రతను అయస్కాంత నానోకణాలు ఎలా మారుస్తాయన్నదే ఈ వ్యాసాంశం.

క్రమం, దాని భంగం

నెమాటిక్ ప్రావస్థలో కడ్డీల వంటి అణువులు సగటున ఒకే దిశకు వాలి ఉంటాయి. వేడిమి పెరిగితే ఈ క్రమం చెదరి, అన్ని దిశల్లో ఒకే ధర్మాలు గల సమదైశిక ద్రవం ఏర్పడుతుంది. ప్రయోగశాలల్లో విరివిగా వాడే 5సీబీ అనే పదార్థంలో ఈ మార్పు సుమారు 35 డిగ్రీల వద్ద జరుగుతుంది. ఈ పరివర్తనకు కావలసిన గుప్తోష్ణం స్వల్పం. అందువల్ల కొద్దిపాటి అన్యపదార్థం కూడా దానిని ప్రభావితం చేయగలదు.

గోళాకార మాగ్నెటైట్ కణాలను కలిపినప్పుడు వాటి చుట్టూ అణువులు తమ దిశను మార్చుకోవలసి వస్తుంది. దానితో క్రమం సడలి, పరివర్తన ఉష్ణోగ్రత సాధారణంగా తగ్గుతుంది. రెండు ప్రావస్థలు కలిసి ఉండే ఉష్ణోగ్రతా వ్యవధి ఏర్పడుతుంది. ఈ తగ్గుదలకు అయస్కాంతత్వం అవసరం లేదు. కణపు ఆకారం, ఉపరితలమే చాలు. అణువుల దిశకు సమాంతరంగా నిలిచే కడ్డీ ఆకారపు కణాలు మాత్రం క్రమాన్ని తక్కువగా భంగపరుస్తాయి. కొన్ని సందర్భాల్లో దానిని బలపరుస్తాయి కూడా.

క్షేత్రపు పాత్ర

ద్రవ స్ఫటిక అణువులు అయస్కాంత క్షేత్రానికి బలహీనంగానే స్పందిస్తాయి. పొడవాటి అయస్కాంత కణాలను చేరిస్తే, అవి క్షేత్రంతో పాటు తిరుగుతూ అణువులనూ తిప్పగలవని 1970లో బ్రొషార్, డి జెన్ సిద్ధాంతీకరించారు. అందువల్ల కణాలు చేర్చడం వల్ల కలిగే మార్పును, క్షేత్రం వల్ల కలిగే మార్పును వేరువేరుగా కొలవాలి.

గుమిగూడే సమస్య

చల్లారుతున్న ద్రవంలో నెమాటిక్ ప్రాంతాలు పెరిగేకొద్దీ, కణాలు మిగిలిన సమదైశిక ప్రాంతాల్లోకి నెట్టబడి గుమిగూడతాయి. అప్పుడు కొలిచే ఉష్ణోగ్రత కణాలు దాదాపు లేని ద్రవానిది; ప్రభావమే లేదన్న తప్పుడు నిర్ధారణకు అది దారితీస్తుంది. 2013లో స్లొవేనియా పరిశోధకులు బేరియం హెక్సాఫెరైట్ పలకలను 5సీబీలో కలిపి, సమదైశిక ప్రావస్థ నుంచి వేగంగా చల్లార్చి, బాహ్య క్షేత్రం లేకున్నా అయస్కాంతత్వం గల ద్రవాన్ని సాధించారు. కణాలు గుమిగూడేందుకు వ్యవధి ఇవ్వకపోవడం ఇందులో కీలకం.

ముగింపు

కణాల పరిమాణం, ఆకారం, పూత, గాఢతలతో పాటు, చల్లార్చిన వేగాన్ని, కణాల విస్తరణ స్థితిని పేర్కొనని ఉష్ణోగ్రతా విలువలను పరస్పరం పోల్చడం సాధ్యం కాదు. కణాలు లేని నమూనానూ, క్షేత్రం లేని స్థితినీ పక్కన పెట్టుకొని చూసినప్పుడే అయస్కాంతత్వపు అసలు పాలు తేలుతుంది.