సాంచా అడగని సర్టిఫికెట్

చదువు ఎక్కువైతే పనితనం పెరుగుతుందా? సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల... ఒక్కో ఊరు ఒక్కోలా జవాబిస్తుంది.

జగిత్యాల దగ్గరి ఓ పల్లె నుంచి బావా బావమరుదులిద్దరు మొదటిసారి దుబాయ్ వెళ్తున్నారనుకుందాం. ఇక్కడ ఇదేం వింత కాదు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే తరహా వీసా, కట్టడం పని. ఏడో తరగతిలో బడి మానేసిన బావ పదేళ్లుగా బొంబాయిలోనో హైదరాబాద్‌లోనో తాపీ పట్టినవాడు. బావమరిది పది పాసయ్యాడు కానీ పనికి కొత్త. గోడ నిలువుగా లేవాలంటే మేస్త్రీ ఎవరిని పిలుస్తాడు? బావనే. పాస్‌పోర్టు ఆఫీసుకు ఆ సంగతితో పని లేదు. అది అడిగేది పదో తరగతి మెమో!

మరి చదువుకూ పనితనానికీ సంబంధమే లేదా? ముందు సిరిసిల్ల వెళ్లొద్దాం.

ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా నడిపే కార్మికుడికి నేసిన గుడ్డను బట్టే కూలి. తెగిన పోగును ఎంత త్వరగా చూశాడు, ఎంత త్వరగా ముడేశాడు, కండె అయిపోకముందే పసిగట్టాడా, ఒకేసారి ఎన్ని సాంచాలు చూసుకోగలడు... మీటర్లు పెరిగేదీ తగ్గేదీ వీటితోనే. డిగ్రీ చదివాడు కదా అని మీటరుకు పది పైసలు ఎక్కువ కట్టిచ్చే ఆసామి ఉండడు. చేతిమగ్గం సంగతైతే చెప్పేదేముంది? అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఈ ఊరివారే. జీ20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపిన వెల్ది హరిప్రసాద్ పేరు 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో వినిపించింది. ఆ పనితనం చూసి ఏ తరగతి దాకా చదివారని అడగాలని ఎవరికి తోస్తుంది?

అలాగని చదువు దండగని తేల్చేయడం తొందరపాటే. పాలిస్టర్ తెల్లగుడ్డకు అలవాటు పడిన సాంచాలకు 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. రంగులు కావాలి, అంచులు కావాలి. తర్వాతి ఏళ్లలో డిజైన్లు పెరిగాయి, డాబీలు బిగించాల్సి వచ్చింది. ఆర్డరు వచ్చిన ఏడాదే జులై 1న జీఎస్టీ కూడా మొదలైంది. నిన్నటిదాకా నోటిలెక్కతో సాగిన వ్యాపారంలోకి బిల్లులు, రిటర్నులు, కంప్యూటరు వచ్చి కూర్చున్నాయి. అప్పుడు చదువుకున్న కొడుకున్న ఇంటికీ, లేని ఇంటికీ తేడా తెలుస్తుంది.

1979లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త థియొడోర్ షుల్ట్జ్ చెప్పిందీ ఇదే. రోజూ చేసే పనిలో చదువు పెద్దగా బయటపడదు. పరిస్థితి తారుమారైనప్పుడు సర్దుకోవడంలోనే దాని సత్తా తెలుస్తుందన్నది ఆయన వాదన. మైకేల్ స్పెన్స్ అనే మరో ఆర్థికవేత్త 1973లో ఇంకోలా చెప్పాడు. పనివాడి సామర్థ్యం యజమానికి ముందుగా కనిపించదు కాబట్టి, సర్టిఫికెట్‌ను గుర్తుగా పెట్టుకుంటాడని. 2001లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఈ పేర్లు తెలియకపోవచ్చు. విషయం మాత్రం వాళ్లింట్లోనే ఉంది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. చిన్ననాటి నుంచి చుట్టిన తల్లి వేళ్ల ముందు ఇంటర్ చదివిన కూతురు నిలవలేదు. అదే తల్లి పీఎఫ్ కోసం వెళ్తే? రికార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే చాలు, డబ్బు ఆగిపోతుంది. దరఖాస్తు నింపాలి, ఫోన్లో వచ్చిన నంబరు చెప్పాలి. అక్కడ కూతురే పెద్ద దిక్కు.

మళ్లీ మన బావా బావమరుదుల దగ్గరికొద్దాం. 1983 నాటి వలసల చట్టం కింద, పది పాసుకానివారు కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఈసీఆర్ పాస్‌పోర్టంటే అదే. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ అన్నీ ఆ జాబితాలోవే. పది పాసైతే అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు ఒప్పంద పత్రం చదువుకుని తనను తాను కాపాడుకోగలడన్నది చట్టం లెక్క. తెలుగు మీడియంలో పది పాసైనవాడు అరబిక్, ఇంగ్లిషు కాగితాన్ని ఎలా చదువుతాడో చట్టం చెప్పదు!

సౌదీ అరేబియా 2021లో కొత్త దారి పట్టింది. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులకు నైపుణ్య పరీక్ష మొదలుపెట్టింది. చేతిపని చూపించాలి. కానీ రాత పరీక్ష కూడా ఉంది. పని వచ్చి చదువు రానివాడికి చిక్కు అక్కడే.

ఇక అనుమతి తీసుకోవడంలో తిప్పట ఉంది, నిజమే. అయితే దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా వస్తుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పని చేయలేని స్థితికొచ్చినా 10 లక్షల రూపాయలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. పది పాసైనవారి మీద ఈ నిబంధన లేదు. గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లేటప్పుడు వాళ్లు కూడా పేరు నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో కేంద్రం ప్రకటించింది. 2019 జనవరి 1 నుంచి అమలన్నారు. ఆ నవంబరు నెలాఖరుకే దాన్ని పక్కన పెట్టారు.

ఇద్దరూ ఒకే విమానం ఎక్కుతారు, ఒకే పరంజా మీద నిలబడతారు. తప్పనిసరి బీమా మాత్రం ఏడో తరగతి బావకే.