మందుల పరీక్ష - సార్థకత

ఒక మందు గుణమిచ్చునో లేదో తేల్చుటకు వైద్యశాస్త్రజ్ఞులు రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజిస్తారు. ఒక జట్టుకు మందు, రెండవదానికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. మందు పుచ్చుకొన్న జట్టులో మరణాలు తగ్గినవనుకొందాము. ఇది మందు గుణమా? లేక కాకతాళీయమా?

ఈ సందేహమును తీర్చుటకు ఏర్పడినదే సార్థకతా పరీక్ష. మందుకు ఏ గుణమూ లేదని ముందుగా ఊహిస్తారు. అట్లయినప్పుడు కేవలము యాదృచ్ఛికముగా ఇంతటి భేదముగాని, ఇంతకు మించిన భేదముగాని కనిపించుటకు గల సంభావ్యతను లెక్కిస్తారు. అది 20లో 1 వంతుకన్న తక్కువైనచో భేదము సార్థకమంటారు. ఈ హద్దును 1925లో వెలువడిన తన గ్రంథము ద్వారా ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ ప్రచారములోనికి తెచ్చినాడు. ఇది సౌకర్యమునకై పెట్టుకొన్న హద్దేగాని ప్రకృతి నియమము కాదు.

ఈ పరీక్షను అపార్థము చేసుకొన్నచో ఏమగునో ఒక ఉదాహరణము తెలుపగలదు. 1988లో ఐసిస్-2 అను పరిశోధన ఫలితాలు వెలువడినవి. గుండెపోటు వచ్చినదని వైద్యులు భావించిన 17,187 మందిని 417 ఆసుపత్రులలో పరిశీలించినారు. ఐదు వారాలలో గుండె, రక్తనాళముల వ్యాధులవలన మరణించినవారు ఆస్పిరిన్ పొందిన 8,587 మందిలో 804 మంది; పొందని 8,600 మందిలో 1,016 మంది. అనగా మరణాలు నూటికి 11.8 నుండి 9.4కు తగ్గినవి. ఇంతటి భేదము యాదృచ్ఛికముగా వచ్చుట మిక్కిలి అరుదు.

తరువాత పరిశోధకులు ఒక హెచ్చరికగా రోగులను పుట్టిన తేదీనిబట్టి, పాశ్చాత్య పద్ధతిలో, రాశులవారీగా విడదీసి చూపినారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ మేలు చేసినట్లు కనబడలేదు. పైగా మరణాలు కొంచెము ఎక్కువే! మిగిలిన రాశులవారికి మేలు స్పష్టముగా ఉన్నది. దీనిని నమ్మి ఆ రెండు రాశులవారికి మందు మానివేసినచో, దక్కవలసిన ప్రాణాలు పోవును.

లోపమెక్కడ? సమూహమును ముక్కలు చేసినకొలది ఒక్కొక్క ముక్కలో మనుష్యుల సంఖ్య తగ్గి, యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు పెరుగును. "సార్థకము కాదు" అనగా "గుణము లేదు" అని అర్థము కాదు. ఉన్నదనుటకు సాక్ష్యము చాలలేదని మాత్రమే. పలుమార్లు పరీక్షించుటలో వేరొక ప్రమాదము కలదు. ఏ గుణమూ లేని మందును, ఒకదానితో ఒకటి సంబంధము లేని 20 పరీక్షలకు గురిచేసినచో, కనీసము ఒక్కదానిలోనైన "సార్థక" ఫలితము వచ్చుటకు అవకాశము నూటికి 64 వంతులు!

అంతేకాదు, సార్థకత మేలు యొక్క పరిమాణమును తెలుపదు. లక్షలమందిని పరీక్షించినచో రక్తపోటులో అత్యల్పమైన భేదము కూడ సార్థకము కావచ్చును. రోగికి దానివలన ఒరుగునది లేకపోవచ్చును. ఇట్టి అపార్థములను గూర్చి అమెరికా గణాంకశాస్త్ర సంఘము 2016లో ఒక ప్రకటన ద్వారా హెచ్చరించినది.

కనుక ఒక మందు "సార్థక" ఫలితమిచ్చినదని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. మేలు ఎంత? ఎంతమందిలో చూచినారు? ఎన్ని పరీక్షలలో ఇది ఒకటి? వీనికి జవాబు దొరికిన పిమ్మటనే ఆ సార్థకతకు విలువ కట్టవలెను.