రెండో భాష దగ్గర ఆగిపోయే పిల్లలు

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసే విద్యార్థి గణితం, ఇంగ్లీషు, విజ్ఞానశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు కాని మరొక భాషను కూడా హైస్కూల్లో కొన్నేళ్లు చదివి ఉండాలని అనేక విశ్వవిద్యాలయాలు కోరుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒకే భాషను రెండేళ్లు చదవడం తప్పనిసరి చేసి, మూడేళ్లు చదివితే మేలని సూచిస్తుంది. ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రెండు క్రెడిట్లు, అంటే రెండు విద్యా సంవత్సరాల చదువు అడుగుతాయి. హార్వర్డ్ ఒకే భాషను నాలుగేళ్లూ చదవమని సిఫారసు చేస్తుంది. మిగిలిన సబ్జెక్టుల్లో చురుకుగా ఉన్న విద్యార్థి స్పానిష్ మొదటి ఏడాదిలోనే తడబడినప్పుడు, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సైతం తరచుగా వినిపించే మాట బద్ధకమని, శ్రద్ధ లేదని. ఆ మాట చాలామంది పిల్లల విషయంలో అన్యాయమైనది.

భాష నేర్వడమంటే పదాలను కంఠస్థం చేయడమేనన్న అభిప్రాయం ఈ అపార్థానికి మూలం. హార్వర్డ్‌లో విద్యార్థులకు సలహాలిచ్చిన మనస్తత్వవేత్త కెనెత్ డింక్లేజ్, తెలివితేటల్లో ఎవరికీ తీసిపోని కొందరు విద్యార్థులు పరభాషా పరీక్షలో మాత్రం పదేపదే విఫలమవడాన్ని 1960లలో పరిశీలించి, వారిలో పలువురి ఇబ్బంది డిస్లెక్సియాను, అంటే అక్షరాలను, ధ్వనులను జతపరచుకొని చదవడంలో పుట్టుకతో ఉండే కష్టాన్ని, పోలి ఉందని గుర్తించాడు. ఆ తరువాత రిచర్డ్ స్పార్క్స్, లియొనోర్ గాన్షో అనే పరిశోధకులు ఈ ఆలోచనను విస్తరించి, మాతృభాషలో ధ్వనులను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో ముడిపెట్టడం, వ్యాకరణ రూపాలను గమనించడం అనే నైపుణ్యాలే రెండో భాషకూ పునాది అని, ఆ పునాదిలో బలహీనత ఉన్నవారికి పరభాష కష్టమవుతుందని ప్రతిపాదించారు. చిన్ననాట ఇంగ్లీషు చదవడంలో ఎదురైన ఇబ్బందిని బాగా శ్రమించి అధిగమించిన బిడ్డకు, పద్నాలుగో ఏట కొత్త భాష మొదలుపెట్టగానే పాత ఇబ్బంది తిరిగి ఎదురు కావడం ఈ దృష్టితో చూస్తే ఆశ్చర్యం కాదు. అయితే పరభాషకు మాత్రమే పరిమితమైన ప్రత్యేక వైకల్యం ఒకటి ఉందనే వాదాన్ని స్పార్క్స్ స్వయంగా తిరస్కరించాడు. ఆయన దృష్టిలో భాషా సామర్థ్యం ఉన్నది లేనిది అన్నట్లు రెండుగా చీలదు, ఎక్కువ తక్కువల మెట్లుగా ఉంటుంది. కాబట్టి మినహాయింపు కోరడానికి ముందు భాషను, బోధనను మార్చి చూడడమే సరైన క్రమం.

భాషను ఎంచుకోవడంలో ఇరుగుపొరుగు పిల్లలు ఏది తీసుకున్నారన్నది ప్రమాణం కారాదు. స్పానిష్ దాదాపు తెలుగులాగే రాసినట్లు పలికే భాష కనుక అక్షరానికీ ధ్వనికీ లంకె కుదరని విద్యార్థికి అది కొంత ఊరట. ఫ్రెంచిలో రాసి పలకని అక్షరాలు ఎక్కువ కాబట్టి అదే విద్యార్థికి అది రెట్టింపు భారం కావచ్చు. లాటిన్ తరగతుల్లో వినడం, మాట్లాడడం స్వల్పం. పాఠం ప్రధానంగా చదివి అర్థం చేసుకోవడం మీద నడుస్తుంది కనుక చెవితో ధ్వనులను పట్టుకోలేని వారికి అది అనువుగా ఉంటుంది, కానీ నామవాచకం చివర విభక్తిని బట్టి మారే రూపాలను గుర్తుంచుకోవలసి ఉంటుంది. బధిరులు వాడే అమెరికన్ సంజ్ఞాభాషను కాలిఫోర్నియా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలు పరభాషగా అంగీకరిస్తాయి. అది ఇంగ్లీషును చేతులతో చెప్పడం కాదు, తనదైన వ్యాకరణం ఉన్న స్వతంత్ర భాష కాబట్టి సులువైన దారి అనుకొని అందులో చేరినవారు నిరాశ పడతారు. చూపు, వినికిడి, స్పర్శ, చేతి కదలిక అన్నిటినీ కలిపి ధ్వనులను ఒక క్రమంలో నేర్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి ఇంగ్లీషు చదువు కోసం పుట్టినా, దానిని స్పానిష్, లాటిన్ బోధనకూ వాడారు.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది మరొక చోట. హైస్కూలు పట్టాకు కావలసిన భాష, కళాశాల ప్రవేశానికి కావలసిన భాష, డిగ్రీ పొందడానికి కావలసిన భాష అన్నవి మూడు వేర్వేరు నియమాలు. ఒక దాని దగ్గర దొరికిన వెసులుబాటు రెండో దాన్ని బంధించదు. టెక్సాస్‌లో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కోర్సులను హైస్కూలు పట్టా కోసం భాషా క్రెడిట్లుగా లెక్కించుకునే వీలుంది, కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాటిని భాషగా పరిగణించదు. ఈ తేడా పన్నెండో తరగతిలో తెలిస్తే సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు కనుక తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలర్‌ను అడిగి రాసుకోవాలి. తక్కువ గ్రేడు వచ్చినంత మాత్రాన దారి మూసుకుపోదు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నియమం ప్రకారం రెండో స్థాయి కోర్సులో సి గ్రేడు తెచ్చుకుంటే మొదటి స్థాయిలో డి వచ్చినా అది పూర్తయినట్లే లెక్క. కమ్యూనిటీ కళాశాలలో భాష తీసుకోవడం మరొక మార్గమే గాని, హైస్కూల్లో ఏడాది సాగే పాఠాన్ని అక్కడ సుమారుగా ఒక సెమిస్టరులో ముగిస్తారు కాబట్టి తడబడే విద్యార్థికి ఆ వేగం మేలు కన్నా కీడే చేయగలదు.

అన్నీ ప్రయత్నించిన తరువాత కూడా ఫలితం లేనప్పుడు ప్రత్యామ్నాయ కోర్సు కోరడం అభ్యసన వైకల్యం ఉన్న విద్యార్థి హక్కు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షను, 1990 నాటి అమెరికన్ వికలాంగుల చట్టం వైకల్యం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తాయి. ఫ్లోరిడా చట్టం విశ్వవిద్యాలయ ప్రవేశంలో తగిన ప్రత్యామ్నాయానికి స్పష్టంగా చోటిస్తుంది. ప్రత్యామ్నాయమంటే సాధారణంగా భాషకు బదులు ఆ భాష మాట్లాడే దేశపు చరిత్ర, సాహిత్యం, సంస్కృతి వంటి కోర్సులను ఇంగ్లీషులో చదవడం. అయితే ఈ హక్కుకు హద్దు కూడా ఉంది. బోస్టన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి తప్పనిసరైన భాషకు బదులు వేరే కోర్సులు అనుమతించాలని అభ్యసన వైకల్యం ఉన్న విద్యార్థులు వేసిన గుకెన్‌బర్గర్ కేసులో, ఆ ప్రశ్నను విద్యా సంస్థ శ్రద్ధగా చర్చించి నిర్ణయించాలని న్యాయస్థానం 1997లో ఆదేశించింది. అధ్యాపకుల సంఘం చర్చించి, పరభాష ఆ డిగ్రీకి మూలాంశమని తేల్చగా న్యాయస్థానం 1998లో ఆ నిర్ణయాన్నే సమర్థించింది. కాబట్టి హైస్కూల్లో లభించిన మినహాయింపు కళాశాలలోనూ సాగుతుందనే హామీ లేదు.

హైస్కూలు వరకు అభ్యసన వైకల్యం ఉన్న బిడ్డకు ప్రత్యేక బోధనా ప్రణాళిక రాసి అమలు చేసే బాధ్యత పాఠశాలదే, కానీ కళాశాలలో అడుగుపెట్టగానే ఆ ప్రణాళిక ముగిసిపోతుంది. తన ఇబ్బందిని పరీక్షా నివేదికలతో చెప్పుకొని సహాయం అడగవలసింది విద్యార్థే. ప్రవేశానికి ముందు వైకల్యం గురించి కళాశాలలు ప్రశ్నించడాన్ని చట్టం సాధారణంగా అనుమతించదు, అయితే భాష కోర్సు ఎందుకు లోపించిందో విద్యార్థి తానే వివరించవచ్చు, లేదా విద్యార్థి సమ్మతితో కౌన్సెలర్ రాయవచ్చు. మౌనంగా వదిలిన ఖాళీకి దరఖాస్తు చదివేవారు తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు కనుక, నాలుగు వాక్యాల వివరణ ఇవ్వడమే మేలు.

తెలుగు కుటుంబాలకు ఇంట్లోనే ఉన్న ఒక దారిని మరువరాదు. తెలుగుకు ఏపీ పరీక్ష, అంటే హైస్కూల్లో రాసే కళాశాల స్థాయి పరీక్ష, లేదు గాని, స్టాంప్ వంటి భాషా ప్రావీణ్య పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. వాటి ఫలితాన్ని క్రెడిట్‌గా గుర్తించేదీ లేనిదీ ఆయా పాఠశాల జిల్లాను, కళాశాలను అడిగి తెలుసుకోవాలి. అమ్మమ్మ తాతయ్యలతో తెలుగులో ధారాళంగా మాట్లాడుతూనే లిపి చదవలేని పిల్లలకు ఇందులో ఒక చిక్కు ఉంది: స్టాంప్ రాతను కూడా కొలుస్తుంది, భాషా బోధకుల సంస్థ అయిన ఏక్ట్‌ఫుల్ మౌఖిక పరీక్ష మాటను మాత్రమే కొలుస్తుంది. రాతే అసలు అడ్డంకి అయిన విద్యార్థికి రెండోదే న్యాయమైన కొలత. అందువల్ల ఆ మౌఖిక ఫలితాన్ని ఒప్పుకుంటారా అన్న ప్రశ్నను పాఠశాలకు, దరఖాస్తు పెట్టబోయే ప్రతి కళాశాలకు విడివిడిగా రాసి, సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి; డిగ్రీలోని భాషా నియమం గురించి ఆ కళాశాల వికలాంగ సేవల కార్యాలయాన్ని అడగవలసింది కూడా, సీటు ఒప్పుకోవడానికి చాలా కళాశాలలు గడువుగా పెట్టే మే 1కి ముందే.