టాక్సీగానైనా పనికొస్తుందని కొన్న కారు!

పొడుగాటి విదేశీ కారు వచ్చి బంగళా ముందు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు తళతళలాడే బూటు కనిపిస్తుంది... తర్వాత తెల్ల ప్యాంటు... ఆ తర్వాత నల్ల కళ్ళద్దాలు! అంతే, హాల్లో ఈలలు! హీరో అంటే కారు, కారు అంటే హీరో అని మనకు నూరిపోసింది సినిమాలే కదా.

కానీ ఇప్పుడు చెప్పబోయే హీరో కొన్న మొదటి కారు అలాంటిది కాదు. అదో చిన్న ఫియట్. దాన్ని కొనేటప్పుడు ఆ కుర్ర హీరో మనసులో మెదిలింది ఈలలూ చప్పట్లూ కాదు... 'రేపు వేషాలు రాకపోతే నా గతేమిటి?' అన్న బెంగ!

ఎవరా హీరో అంటారా? ఇంకెవరు... 'షోలే' వీరూ! హిందీ తెరకు 'హీమాన్' అనిపించుకున్న ధర్మేంద్ర!

ఆయన సినిమాలు హిందీలో చూడనివాళ్ళకు కూడా ఆయన పాత్రలు తెలుసు. 1966 నాటి 'ఫూల్ ఔర్ పత్థర్' మరుసటి ఏడే మనకు 'నిండు మనసులు' అయింది. 1973 నాటి 'యాదోఁ కీ బారాత్' 1975లో 'అన్నదమ్ముల అనుబంధం' అయింది. రెండింట్లోనూ ఆయన పాత్రలను ఇక్కడ వేసింది మన ఎన్.టి. రామారావు గారు!

51 రూపాయల హీరో

పంజాబులోని లూథియానా జిల్లాలో, ఓ స్కూలు మాస్టారి ఇంట 1935లో పుట్టాడు ధర్మేంద్ర. దిలీప్ కుమార్ 'షహీద్' చూసినప్పటి నుంచీ ఒకటే పిచ్చి. తెర మీద తనూ కనపడాలి! 1958లో ఫిల్మ్‌ఫేర్ పత్రిక కొత్త నటుల కోసం పోటీ పెడితే అందులో గెలిచాడు. బొంబాయి చేరాడు.

పోటీలో గెలవగానే పూలబాట పరిచారనుకునేరు! డ్రిల్లింగ్ కంపెనీలో 200 రూపాయల జీతం, అది చాలక ఓవర్‌టైము. ఉండడానికి ఇల్లు లేక రాత్రి పడక ఓ కారు గ్యారేజీలో... ఈ సంగతులు ఏళ్ళ తర్వాత ఓ టీవీ కార్యక్రమంలో ఆయనే చెప్పుకున్నారు. అప్పటికే పెళ్ళయింది, బిడ్డ కూడా పుట్టాడు. అంటే ఆకలి ఒక్కడిది కాదన్న మాట!

చివరికి 1960లో మొదటి సినిమా విడుదలైంది. 'దిల్ భీ తేరా హమ్ భీ తేరే'. అర్జున్ హింగోరానీ తీసిన చిత్రం. దానికి హీరోగారి చేతికందిన పారితోషికం అక్షరాలా 51 రూపాయలు!

ఆ ఏడే ఆయన ఫియట్ కొన్నారు. ఖరీదు 18 వేలు. లెక్క వేయండి... ఒక్కో సినిమాకు 51 చొప్పున అయితే 350 సినిమాలకు పైగా చేస్తేగానీ ఆ కారు రాదు!

తమ్ముడి సలహా

ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనడమంటే ఇప్పట్లా షోరూముకు వెళ్ళి రంగు ఎంచుకోవడం కాదు. ఉన్నవే రెండు మూడు రకాలు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్... అంతే. ఈ ఫియట్ 1100 పుట్టిల్లు ఇటలీ అయినా, బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ వారి ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఇంజను 1089 సీసీ. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలా ఉండటం వల్ల సర్దుకుంటే ముగ్గురు కూర్చోవచ్చు. మీ ఇంట్లో తాతగార్లను అడిగి చూడండి. ఊళ్ళో డాక్టరుగారిదో, ప్లీడరుగారిదో ఓ ఫియట్ కథ తప్పకుండా చెబుతారు.

సరే, మన హీరో కారు కొన్నాడు. తమ్ముడు అజిత్ సింగ్‌కి మాత్రం అది నచ్చలేదు. ఆ అజిత్ కూడా తర్వాత నటుడయ్యాడు. నేటి నటుడు అభయ్ దేవల్ తండ్రి ఆయనే. హీరోవి అయ్యావు కదా, దర్జాగా టాపు లేని ఓపెన్ కారు కొనుక్కోవలసింది అన్నాడట తమ్ముడు.

దానికి అన్నగారి జవాబు వినండి. ఈ ఫీల్డును నమ్మడానికి లేదు, వేషాలు దొరక్కపోతే ఈ ఫియట్‌నే టాక్సీగా నడుపుకుని బతకొచ్చు, అన్నాడట!

నవ్వొస్తోంది కదూ? ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. ఓపెన్ కారును టాక్సీగా ఎవరెక్కుతారు? తెర మీద తొలి అడుగు వేస్తున్న పాతికేళ్ళవాడు, తను ఓడిపోయే రోజును కూడా లెక్కలోకి తీసుకుని కారు ఎంచుకున్నాడు. మొదటి సినిమాతోనే మాయమైపోయిన హీరోలు ఎంతమంది లేరు! ఆ భయం ఆయనకు తెలుసు. భయపడ్డాడు గానీ వెనక్కి మాత్రం పోలేదు. అదీ గొప్ప!

ఆ భయం నిజం కాలేదు. 1963లో బిమల్ రాయ్ 'బందినీ', ఆ తర్వాత 'ఫూల్ ఔర్ పత్థర్', 'సీతా ఔర్ గీతా', 1975లో 'షోలే', 'చుప్‌కే చుప్‌కే'... ఇక కార్లకు కొదవేముంది? అయినా ఫియట్‌ను అమ్మలేదు!

మొదటిదాన్ని మరవని మనిషి

అలా ఎందుకు ఉంచుకున్నారు? ఆయన స్వభావమే అంత అనిపిస్తుంది. 51 రూపాయలిచ్చిన అర్జున్ హింగోరానీనే తీసుకోండి. మరొకరైతే పెద్ద హీరో అయ్యాక ఆ వీధి వైపే వెళ్ళేవారు కాదు. ధర్మేంద్ర మాత్రం ఆయన పిలిచినప్పుడల్లా వెళ్ళారు. 'కబ్? క్యోఁ? ఔర్ కహాఁ?', 'కహానీ కిస్మత్ కీ', 'ఖేల్ ఖిలాడీ కా', 'కాతిలోఁ కే కాతిల్'... ఇవన్నీ ఆ హింగోరానీ చిత్రాలే!

కారు మీద అంత మమకారమేమిటి, అది ఇనుమే కదా అంటారేమో. 1958లో ఋత్విక్ ఘటక్ బెంగాలీలో తీసిన 'అజాంత్రిక్' దొరికితే చూడండి. అందులో బిమల్ అనే టాక్సీ డ్రైవరు ఉంటాడు. వాడికి నా అన్నవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా 'జగద్దల్' అనే ఓ పాత డొక్కు షెవర్లే. దానితో మాట్లాడతాడు. రేడియేటర్లో నీళ్ళు పోస్తుంటే దాహం తీరిన మనిషిలా అది గుటకలు వేస్తుంది. ఊరంతా వెక్కిరించినా వాడికి లెక్కలేదు. చివరికి దాన్ని తుక్కు కింద లాక్కుపోతుంటే మన గుండె కూడా చివుక్కుమంటుంది.

బిమల్‌కు జగద్దల్ అన్నం పెట్టింది. ధర్మేంద్రకు ఫియట్ అన్నం పెట్టే అవసరం రాలేదు. కానీ అవసరమొస్తే పెడతానని ధైర్యం చెప్పింది. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద సాయం ఏముంటుంది చెప్పండి!

మరో చిత్రం కూడా ఉంది. ధర్మేంద్ర అంచనా అక్షరాలా నిజమైంది! 1964 నుంచి బొంబాయిలో నలుపు పసుపు టాక్సీ అంటే ఫియట్ అనే స్థితి వచ్చింది. 1970లలో దాని పేరు ప్రీమియర్ పద్మిని అయినా వంశం అదే. టాక్సీలకు 20 ఏళ్ళ గడువు ఉండటంతో, 2003లో రిజిస్టరైన ఆఖరి పద్మిని టాక్సీకి 2023 అక్టోబరులో కాలం తీరింది. ముంబయి జనం కంటతడి పెట్టినంత పని చేశారు.

ఆ టాక్సీలన్నీ పోయేనాటికి కూడా ధర్మేంద్ర ఫియట్ ఆయన దగ్గరే ఉంది. 2021 అక్టోబరులో ఆయన ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ చిన్న వీడియో పెట్టారు. పక్కన నిగనిగలాడుతూ అదే ఫియట్! అప్పటికి ఆయనకు 85 ఏళ్ళు. ఇది నా మొదటి కారు, 18 వేలకు కొన్నాను, ఆ రోజుల్లో 18 వేలంటే మాటలు కాదు అని మురిసిపోయారు. బాగా ఉంచాను కదూ అని అడిగారు. ఎప్పటికీ నాతోనే ఉండాలని కోరుకోండి అన్నారు. పద్మభూషణుడు, వందల చిత్రాల హీరో... మొదటి బొమ్మను చూపించే చిన్నపిల్లాడిలా!

2025 నవంబరు 24న, 90వ పుట్టినరోజుకు రెండు వారాల ముందు, ధర్మేంద్ర కన్నుమూశారు.

ఇకమీద 'షోలే' చూసినప్పుడు, సైడ్‌కారు మోటార్ సైకిలు మీద జై, వీరూ పాడుకుంటూ పోతుంటే మీరు మళ్ళీ ఈల వేస్తారు. వేయండి! ఆ ఈలలో ఒకటి మాత్రం, మీటరు తగిలించుకోవడానికి సిద్ధపడి, ఒక్కనాడూ తగిలించుకోవలసిన పని పడని ఆ చిన్న ఫియట్‌కి!