అటక మీది ఆటలు కొత్త విండోస్‌లో ఎందుకు ఆడవు?

ప్రశ్న: మాది నెల్లూరు. ఇల్లు సర్దతా ఉంటే అటక మీద పాత సీడీలు దొరికినై. డేవ్, ప్రిన్స్, రోడ్‌రాష్, ఐజీఐ, వైస్ సిటీ అన్నీ ఉండాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక్కటీ నడవలా. ఇంత పెద్ద సిస్టంలో అంత చిన్న ఆట నడవకపోవడం ఏంది? ఎట్టా నడిపించేది?

జవాబు: ఆటలకేమీ కాలేదు. వాటిని రాసిన రోజున చుట్టూ ఏమేం ఉంటాయని నమ్మి రాశారో అవి ఇప్పుడు లేవు. టైగర్ రొయ్య పిల్లను ఉన్నట్టుండి మంచినీళ్లలో వదిలితే ఏమవుతుందో మైపాడు వైపు గుంటలు చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. రొయ్యను మార్చరు, నీళ్లలో ఉప్పు చూసుకుంటారు. మనం చేయబోయేదీ అదే. కాకపోతే మీ అటక మీదున్నవి మూడు కాలాల ఆటలు. మూడింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

ముందు డేవ్, ప్రిన్స్. జాన్ రొమేరో డేంజరస్ డేవ్‌ను 1988లోనూ, జోర్డాన్ మెక్నర్ ప్రిన్స్ ఆఫ్ పర్షియాను 1989లోనూ యాపిల్-2 కంప్యూటర్ల కోసం తెచ్చారు. రెండూ 1990లో డాస్‌కు చేరాయి. డాస్ ఆట దేనికీ ఎవరి అనుమతీ అడగదు. బొమ్మ గీయాలంటే వీడియో మెమరీలోకి తానే వెళ్లి రాస్తుంది. చప్పుడు కావాలంటే సౌండ్ కార్డును నేరుగా తడుతుంది. ఈనాటి విండోస్ ఏ ప్రోగ్రామునూ అలా హార్డ్‌వేర్ మీద చెయ్యి వేయనివ్వదు. 32-బిట్ విండోస్ ఉన్నంతకాలం లోపల ఎన్‌టీవీడీఎం అనే చిన్న డాస్ గది ఒకటి ఉండేది, పాత 16-బిట్ ప్రోగ్రాములు అందులో తలదాచుకునేవి. ఆ గది నిలబడింది ప్రాసెసర్ ఇచ్చే వర్చువల్ 8086 అనే సదుపాయం మీద. ప్రాసెసర్ 64-బిట్ పద్ధతిలో నడిచేటప్పుడు ఆ సదుపాయం ఉండదు. అందుకే 64-బిట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఆ గదినే తీసేసింది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. సిస్టం ఎంత పెద్దదైతే ఏం లాభం, డేవ్‌కు కావలసింది అందులో లేనప్పుడు!

కాబట్టి ఈ ఆటల మీద రైట్ క్లిక్ చేసి కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా దండగే. ఆ మోడ్ ముఖ్యంగా చేసేది ఆటకు ఒక అబద్ధం చెప్పడం. ‘నువ్వున్నది ఎక్స్‌పీలోనే’ అని నమ్మించి, పాత అలవాట్లు కొన్నింటిని సర్దుబాటు చేస్తుంది. లేని 16-బిట్ గదిని అది కట్టలేదు.

ఆ గదిని కట్టేది డాస్‌బాక్స్. 2002 నుంచీ ఉన్న ఉచిత ప్రోగ్రాం. పాత ప్రాసెసర్, వీజీఏ తెర, సౌండ్ బ్లాస్టర్ కార్డు, అన్నింటినీ సాఫ్ట్‌వేర్‌తోనే నటిస్తుంది. ఆట ఫోల్డరును సీడీ నుంచి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అందులోని ఈఎక్స్‌ఈ ఫైలును డాస్‌బాక్స్ ఐకాన్ మీదికి లాగి వదలండి. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెర నిండుతుంది. ఆట మరీ పరుగెడితే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కండి, నత్తనడక అయితే కంట్రోల్‌తో ఎఫ్12. ల్యాప్‌టాప్‌లో వీటికి తోడు ఎఫ్‌ఎన్ మీట కూడా పట్టుకోవాల్సి రావచ్చు. ఈ వేగం గొడవ ఎందుకంటే, ఆనాటి ఆటలు కొన్ని గడియారం చూసుకోవు. ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కపెడితే అంత వేగంగా కదులుతాయి. అప్పటి సీపీయూల మీద టర్బో అని ఒక బటన్ ఉండేది, గుర్తుందా? పేరు టర్బోనే గానీ, దాని అసలు ఉపయోగం పాత ప్రోగ్రాముల కోసం సిస్టంను నెమ్మది చేయడం.

రోడ్‌రాష్, క్లా, మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ రెండో కాలానివి, అంటే విండోస్ 95, 98 రోజులవి. వీటితో చిక్కు వేరు. ఆట 32-బిట్‌దే, కొత్త విండోస్ కాదనదు. కానీ ఆ రోజుల్లో చాలా ఆటలకు సెటప్ ఫైలు మాత్రం 16-బిట్‌ది ఉండేది, ఎందుకంటే అదే ఫైలు విండోస్ 3.1లో కూడా తెరుచుకోవాలి. జనం సెటప్ మీద నొక్కి, అది తెరుచుకోకపోయేసరికి ఆటే పోయిందని సీడీ పక్కన పడేస్తారు. ఇన్‌స్టాల్‌షీల్డ్‌తో కట్టిన కొన్ని పాత సెటప్‌లను విండోస్ తనకు తానే గుర్తుపట్టి, వాటి బదులు తన 32-బిట్ రూపాన్ని నడుపుతుంది. అలా కుదరకపోతే ఓటీవీడీఎం అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, 16-బిట్ విండోస్ ఫైళ్లను 64-బిట్‌లో నడిపిస్తుంది. సీడీలో ఆట ఫైళ్లు విడిగా కనిపిస్తే సెటప్ జోలికే పోకుండా ఫోల్డరు మొత్తం కాపీ చేసి చూడండి, కొన్ని ఆటలకు అదే సరిపోతుంది.

ఆట తెరుచుకుంది గానీ రంగులు అలికేసినట్టున్నాయా, తెర నల్లగా ఉందా? తప్పు బొమ్మలు గీసే భాషది. అప్పటి ఆటలు 256 రంగులతో డైరెక్ట్‌డ్రా ద్వారా గీసేవి. ఇప్పటి విండోస్, గ్రాఫిక్స్ కార్డులు ఆ భాషను ఏదో మొక్కుబడిగా పలుకుతాయి. మధ్యలో దుబాసీ కావాలి. డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. అందులోని 32-బిట్ డీఎల్‌ఎల్ ఫైళ్లను ఆట ఈఎక్స్‌ఈ పక్కన పెడితే చాలు, పాత డైరెక్ట్‌ఎక్స్ పిలుపులను అది కొత్త డైరెక్ట్‌ఎక్స్‌లోకి మార్చి పంపుతుంది.

ఇదేదో ఇంట్లో కూర్చుని అతుకులు వేసేవాళ్ల పని అనుకోకండి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సారథిగా ఉన్న రోజుల్లో, 2022లో, ఆ కంపెనీ ఆర్క్ కార్డులు వచ్చాయి. వాటిలో డైరెక్ట్‌ఎక్స్ 9కు సొంత డ్రైవరు పెట్టలేదు, ఆ పిలుపులను డైరెక్ట్‌ఎక్స్ 12లోకి అనువదించే పొర పెట్టారు. కొత్త ఆటలు బాగానే ఆడాయి, పాతవి తడబడ్డాయి. ఆ ఏడాది చివరికి డ్రైవర్లు సరిదిద్ది పాత ఆటల వేగం బాగా పెంచారు. మంచి దుబాసీ దొరకడం అంత పెద్ద కంపెనీకీ ఒక్కరోజులో అయ్యే పని కాలేదు.

మూడో కాలం 2000 డిసెంబరు నాటి ఐజీఐ, 2003లో పీసీకి వచ్చిన వైస్ సిటీ. ఎక్స్‌పీ రోజుల్లో ఊళ్లోని గేమ్స్ సెంటర్లన్నీ వీటితోనే గడిచాయి. ఇవి కొత్త విండోస్‌కు మరీ పరాయివి కావు. అడ్డుపడేది ఎక్కువగా తాళం. అసలు సీడీయేనా కాదా అని చూడటానికి ఆ కాలపు ఆటలు చాలా సేఫ్‌డిస్క్ వంటి రక్షణలు వాడేవి. సేఫ్‌డిస్క్ డ్రైవరు విండోస్ గుండెకాయలో కూర్చుని పనిచేసేది, దానిలోని లోపాలు వైరస్‌లకు దారిచ్చేవి. 2015లో విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ దాన్ని గెంటేసింది. భద్రత పరంగా అది సరైన పనే అంటాను. డబ్బిచ్చి అసలు సీడీ కొన్నవాడే బయట నిలబడాల్సి రావడం మాత్రం అన్యాయం.

దీనికి సులువైన దారి, దొరికితే, ఆ ఆటను మళ్లీ కొనడం. 2008లో పోలండ్‌లో మొదలైన జీఓజీ అనే అంగడి పాత ఆటలను తాళాలు తీసి, డాస్ ఆటలైతే డాస్‌బాక్స్‌తో సహా కట్టి అమ్ముతోంది. తాళం పగలగొట్టిన ఫైళ్లు నెట్‌లో బోలెడు దొరుకుతాయి, వాటిలో ఏం దాగి ఉందో పెట్టినవాడికే తెలియాలి. పైగా మనలో చాలామంది దగ్గరున్నవి అప్పట్లో రాయించుకున్న కాపీ సీడీలే. ఆట పాతబడినంత మాత్రాన కాపీరైటు పోదు. చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రాముకు రక్షణ కోసం ఒక నకలు తీసి పెట్టుకోవడాన్ని మాత్రం 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకుంటుంది.

ఆట తెరుచుకుంటుంది గానీ సేవ్ కావడం లేదంటే, దాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి ఉంటారు. 2007 నాటి విస్టా నుంచీ అక్కడ మామూలు ప్రోగ్రాములు రాయడానికి వీల్లేదు. సి డ్రైవ్‌లో వేరే ఫోల్డరు పెట్టి అందులో వేయండి. వైస్ సిటీలో ఫ్రేమ్ లిమిటర్‌ను ఆన్‌లోనే ఉంచండి, తీసేస్తే కార్ల కదలిక గాడి తప్పుతుంది.

పాత ఎక్స్‌పీ సిస్టం ఒకటి అట్టే ఉంచుకోమని కొందరు చెబుతారు. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం డీటీపీ సెంటర్ల వాళ్లు చేస్తున్నదీ అదే. సముద్రం దగ్గర నాకది నచ్చదు. ఉప్పుగాలికి, తుపాను రోజుల తేమకు బోర్డు మీది చిప్‌ల కాళ్లు తుప్పు పడతాయి, పోయిన భాగం మళ్లీ దొరకదు. 2014 ఏప్రిల్‌తో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీని వదిలేసింది కాబట్టి దాన్ని నెట్‌కు తగిలించనూకూడదు. అంతగా కావాలంటే ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకోండి.

అదే తేమ సీడీలనూ వదలదు. ఈ వారమే ఒక యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చి, ఇమ్‌గ్‌బర్న్ లాంటి ప్రోగ్రాంతో ఒక్కో సీడీని ఐఎస్‌ఓ ఫైలుగా దించుకోండి. విండోస్ 8 నుంచీ దాన్ని డబుల్ క్లిక్ చేస్తే చాలు, సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. ఆట సంగీతం సీడీలోనే ఆడియో ట్రాకులుగా ఉంటే అది ఐఎస్‌ఓలోకి రాదు, అలాంటి సీడీని బిన్, క్యూ ఫైళ్లుగా దించాలి. డాస్‌బాక్స్‌కు ఆ క్యూ ఫైలునే చూపిస్తే పాటతో సహా ఆడుతుంది.